రెండు గదుల కాయ

కారు అమ్మేవాళ్ళకి కారు నిలిపే చోటు కూడా ఇవ్వాలని ఎందుకు తోచదో! టైర్లు నాలుగిస్తారు, అయిదోది స్పేరుగా ఇస్తారు, అద్దం తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ కూడా ఇస్తారు. పెట్టుకోవడానికి పన్నెండడుగుల నేల మాత్రం ఇవ్వరు.

మా అపార్ట్‌మెంటులో ముప్పై రెండు ఫ్లాట్లు, పదకొండు పార్కింగులు. ఆ పదకొండూ ముందొచ్చినవాళ్ళు పట్టేశారు. మూడో అంతస్తులో ఉండే సెక్రటరీ గారు, అప్పటికింకా సెక్రటరీ కాదు, ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే మామూలు మనిషి, ఆలస్యంగా కారు కొన్నారు. అందుకని తన నీలం కారుని మూడు వీధుల అవతల, మూతపడ్డ గిడ్డంగి గోడవార పెట్టేవారు. అంత దూరం నడిస్తే చొక్కా నలుగుతుంది. కనుక పొద్దున్నే బస్సెక్కి, రెండో స్టాపులో దిగి, కారెక్కి ఆఫీసుకి వెళ్ళేవారు. అదే బస్సులో దిగకుండా కూర్చుంటే ఇంకో నాలుగు స్టాపుల్లో ఆఫీసు గుమ్మం ముందే ఆగేది. ఈ సంగతి ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వాళ్ళమ్మగారు ఒకసారి చెప్పారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆ బాధలోంచే ఆయన అసోసియేషన్ ఎన్నికల్లో నిలబడ్డారు. ఒకే ఒక్క వాగ్దానం: అపార్ట్‌మెంటు వెనకాల ఖాళీ స్థలాన్ని చదును చేయించి, తారు పోయించి, పార్కింగు చేయడం. గెలిచారు. అనుమతి తెచ్చారు. నేలమీద సున్నంతో గీతలు గీయించారు. మొత్తం ఇరవై ఒక్క స్లాట్లు. ఒకటో నంబరు ఎవరిదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే నంబర్లు వేసింది ఆయనే.

ఇక ఆయన భార్య. ఆవిడ కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అరమిల్లీమీటరు తేడా వస్తే ఆ రాత్రి అన్నం సయించదు. మెడలో తాడుకి పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. అందుకని పిల్లలు ‘భూతద్దం ఆంటీ’ అంటారు, పెద్దలు ఆవిడ మెట్లు దిగిపోయాక ‘భూతద్దం’ అంటారు. భర్త మాత్రం ‘ఇదిగో’ అంటారు. పెళ్ళైన పందొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడ పేరు పలికింది ఒకేసారి, బ్యాంకు ఫారం నింపేటప్పుడు. అదీ స్పెల్లింగు అడగడానికి.

బస్‌స్టాపుకి దగ్గరి దారని ఆవిడ రోజూ ఆ ఖాళీ స్థలంలోంచే నడుస్తుంది. ఒకరోజు పొద్దున కాలి పక్కన ఏదో పూసి కనబడింది. వంగి చూసింది. తర్వాత కూర్చుని చూసింది. ఆ రోజు బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం కాఫీ ఇస్తూ అంది, “వెనక స్థలంలో ఏదో పూసిందండీ. లేత ఊదారంగు. చిక్కుడు పువ్వులా ఉంది, కానీ చిక్కుడు కాదు.”

“పిచ్చి మొక్కయ్యుంటుంది.”

“పిచ్చి మొక్కంటే?”

“పేరు లేని మొక్క.”

“పేరు లేదా, మీకు తెలీదా?”

“నాకు తెలీకపోతే లేనట్టే. ఇదిగో, ఆ పేపరిలా అందుకో.”

ఆ ‘ఇదిగో’ ఆ పూట ఆవిడ చెవిలో ముల్లులా దిగింది. పేపరు అందించింది. అందించి, “దాని పేరేంటో తెలిసేదాకా దానిమీదికి రోలరు రానివ్వను” అంది. ఆయన పేపరు తిరగేశారు. ఇంట్లో ఆడవాళ్ళు అనే మాటల్లో పదో వంతు వింటే చాలని ఆయన లెక్క. ఇది మిగతా తొమ్మిదిలో పడింది.

మర్నాడే ఆవిడ లైబ్రరీ నుంచి అడవి పూలు గుర్తుపట్టే పుస్తకం తెచ్చుకుంది. ఆ పుస్తకం పద్ధతి అచ్చం ప్రభుత్వాఫీసు పద్ధతే. ‘ఆకు చివర నులితీగ ఉందా? ఉంటే రెండుకి వెళ్ళండి. లేకపోతే అయిదుకి వెళ్ళండి.’ అయిదుకి వెళితే అక్కణ్ణించి తొమ్మిదికి, తొమ్మిది నుంచి పద్నాలుగుకి. ఆఫీసుల్లో తిరిగి తిరిగి అలవాటైన మనిషి గనక ఆవిడకి విసుగు రాలేదు. ఒక్కో పువ్వునీ భూతద్దం కింద పెట్టి చూసింది. పైన జెండాలా నిలబడ్డ రేకు, పక్కన రెండు రెక్కలు, కింద పడవలాంటి రేకు. పడవ ముక్కు సూదిగా లేదు, మొద్దుగా ఉంది. ఆకుమీది నూగు మొదట్లో కాకుండా మధ్యలో అతుక్కుని, తక్కెడ కాడలా అటూ ఇటూ చాచుకుని ఉంది. ఇది చిక్కుడు, బఠాణీల కుటుంబమే, అందులో మిల్క్‌వెచ్ అనే తెగ అని పుస్తకం తేల్చింది. ఇరవై మూడో ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. ‘పండిన కాయని అడ్డంగా కోయండి.’ కాయ ఇంకా పుట్టనే లేదు.

ఎండు మొక్కలు దాచే ఆఫీసు ఒకటుంది, హెర్బేరియం అంటారు. శుక్రవారాలు మాత్రమే బయటివాళ్ళని రానిస్తారు. ఆవిడ షాపుకి సెలవు పెట్టి వెళ్ళింది. అక్కడి ఆఫీసరుకి పూల పుప్పొడి పడదు. ముప్పై ఏళ్ళుగా పూల మధ్యే ఉద్యోగం. ఎప్పుడు చూసినా చేతిలో రుమాలు, మాట మాటకీ తుమ్ము.

“పువ్వు చూసి చెప్పలేనమ్మా,” అన్నాడాయన. “ఇందులో అక్కాచెల్లెళ్ళిద్దరున్నారు. ఒకతె ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, ఏ రోడ్డు పక్కన చూసినా అదే. రెండోది అచ్చంగా ఈ నేలదే. ఈ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా ఎవరికీ కనబడలేదు. ఆకులు ఒకటే, పువ్వులు ఒకటే... హాఛ్! తేడా అంతా కాయలోపలే. మామూలుదాని కాయ ఒకే గది. దీనికి మధ్యలో గోడ ఉంటుంది. రెండు గదులు.”

“రెండు గదులుంటే?”

“రెండు గదులున్న కాయ, కాడతో సహా నా బల్లమీద పెట్టండి. మిగతాది నేను చూసుకుంటా.”

ఇంటికొచ్చి ఆవిడ చేసిన మొదటి పని భర్త తెచ్చిన అనుమతి పత్రం తీసి భూతద్దం కింద పెట్టడం. వెనకవైపు, చీమలు బారుగా నడిచినట్టున్న అక్షరాల్లో, తొమ్మిదో షరతు: ‘స్థలంలో కాపాడవలసిన స్థానిక మొక్క ఉన్నట్టు రుజువైతే ఈ అనుమతి రద్దు.’ జీవితమంతా పాలసీల వెనక చిన్న అక్షరాలు అచ్చువేయించే ఆఫీసులో పనిచేసిన మనిషి, తన కాగితం వెనక్కి తిప్పి చూసుకోలేదు.

మొదట్లో మొక్కలు ఏడు. ఆవిడ రోజూ లెక్కపెట్టేది. గీతలు గీసినవాళ్ళు రెండింటిని తొక్కేశారు. కొలతల టేపు పట్టుకుని తిరిగిన అసోసియేషన్ ప్రెసిడెంటు గారు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకదాన్ని పీకి పళ్ళు కుట్టుకున్నారు. రెండు వాటంతటవే వాడిపోయాయి. మిగిలినవి రెండు. ఒకదానికి మూడు కాయలు కాసి ముందుగా పండాయి. రెండోది సరిగ్గా ఒకటో నంబరు స్లాటు మధ్యలో ఉంది. దానికి రెండు కాయలు, ఇంకా పచ్చివి.

రోలరు సోమవారం వస్తుందన్నారు. ఆవిడ గురువారం పొద్దున ఎండిన మూడు కాయల్నీ కాడతో సహా కత్తిరించి, పేపరు పరిచి, భోజనాల బల్లమీద పెట్టింది. శుక్రవారం ఆఫీసు తెరవగానే ఇచ్చెయ్యాలి. “అత్తయ్యా, బల్లమీదవి కదపకండి” అని చెప్పి షాపుకి వెళ్ళింది.

అత్తగారు విన్నారు. ‘బల్ల కదపకండి’ అని కాదు, సరిగ్గానే విన్నారు. కానీ మధ్యాహ్నం టీవీలో సీరియల్ మొదలైంది. సీరియల్ చూస్తూ ఉత్త చేతులతో కూర్చోవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక తెలీదు. కళ్ళు టీవీలో ఉండగా చేతులు వాటికి కావలసింది అవే వెతుక్కుంటాయి. యాభై ఏళ్ళుగా కాయ కనబడితే ఒలిచిన చేతులవి.

సాయంత్రం కోడలు వచ్చేసరికి బల్లమీద చిన్న గిన్నె. గిన్నెలో ఇరవై నాలుగు గింజలు.

“అత్తయ్యా, ఇవేంటి?”

“నీ కాయలే అమ్మాయ్. ఒలిచిపెట్టాను. పిడికెడు కూడా లేవు, కూరకేం సరిపోతాయి?”

“తొక్కలేవి?”

“తొక్కలెవరు దాచుకుంటారే? చెత్తబండి వాడొచ్చాడు, ఇచ్చేశాను.”

కోడలు కుర్చీలో కూలబడింది. ఆవిడ మొహం చూసి అత్తగారు, సీరియల్ ఇంకా నడుస్తున్నా, టీవీ కట్టేశారు. ఆ ఇంట్లో అదే మొదటిసారి.

“ఏం జరిగిందే? చెప్పు.”

చెప్పింది. పువ్వు, పుస్తకం, ఇరవై మూడో ప్రశ్న, అక్కాచెల్లెళ్ళు, అన్నీ. అత్తగారు బొటనవేలితో చూపుడువేలు రాసుకుంటూ విన్నారు.

“రెండు గదులే,” అన్నారు.

“ఏంటి?”

“మధ్యలో గోడుందే. కళ్ళు టీవీలో ఉన్నా వేలు నాదేగా? కాయ చీల్చి వేలు పోనిస్తే గింజలన్నీ ఒక్కసారి రాలాలి. ఇవి రాలేదు. అటో వరస, ఇటో వరస. ఇదెక్కడి కాయ, రెండుసార్లు ఒలిపిస్తోంది అనుకున్నాను. మూడూ అంతే.”

కోడలు హెర్బేరియానికి ఫోన్ చేసింది. అవతల్నించి ముందు తుమ్ము, తర్వాత నిట్టూర్పు. “మీ అత్తగారి వేలుమీద నాకు నమ్మకముందమ్మా. కానీ ఆ వేలుని అట్టకి అంటించి బీరువాలో పెట్టలేను కదా. కాయ కావాలి.”

కాయలున్నాయి. ఒకటో నంబరులో, రెండు, పచ్చివి. పండటానికి ఇంకా పది పన్నెండు రోజులు. రోలరుకి నాలుగు రోజులు.

ఏడిస్తే కాయ పండదు. ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళి నేరుగానే అడిగింది. “రెండు వారాలు వాయిదా వేయించండి.”

“తీర్మానం తీర్మానమే. ఇరవై ఒక్క కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి.”

“తొమ్మిదో షరతు చూశారా?”

“రుజువేది?”

రుజువు చెత్తబండిలో పోయింది. ఆవిడ షాపు స్కేలు తీసుకుని కిందికి దిగింది. మొక్క ఎత్తు కొలిచింది: నూట నలభై మిల్లీమీటర్లు. మర్నాడు తెల్లవారుజామునే గిడ్డంగి దాకా వెళ్ళి, నీలం కారు పక్కన మోకాళ్ళమీద కూర్చుని, నేలకీ కారు కడుపుకీ మధ్య జాగా కొలిచింది: నూట డెబ్బై. ముప్పై మిల్లీమీటర్లు మిగులు. ఫ్రేములో అద్దం కూర్చోవడానికి అరమిల్లీమీటరు సరిపెట్టుకునే మనిషికి ముప్పై అంటే మైదానం.

ఆదివారం పొద్దున సెక్రటరీ గారు బాల్కనీలో గడ్డం గీసుకుంటున్నారు. ఆవిడ ఆరేసిన బట్టలు తీస్తూ, ఎటో చూస్తూ అంది, “ప్రెసిడెంటు గారు పొద్దున్నే ఒకటో నంబరు దగ్గర నిలబడ్డారండీ.”

అబద్ధం కాదు. ఆయన రోజూ అక్కడే నిలబడి పళ్ళు కుట్టుకుంటారు.

రేజరు ఆగింది. “నిలబడి?”

“నిలబడి, అటూ ఇటూ అడుగులేసి చూసుకున్నారు.”

“అడుగులేశాడా?”

“తారు పోశాక ఎవరు ముందు పెడితే వాళ్ళదేగా? సున్నపు గీతలు రోలరు కింద పోతాయి. నంబర్లూ పోతాయి.”

“మరి నేనేం చెయ్యాలి?”

“నాకేం తెలుసండీ? కారు మీది.”

సగం గడ్డంతోనే ఆయన బస్సెక్కారు. అరగంటలో నీలం కారు వెనక స్థలంలోకి వచ్చింది. ఆవిడ అప్పటికే మొక్క దగ్గర నిలబడి ఉంది.

“వెనక్కి... ఇంకా... ఎడమకి కొట్టండి... వేలెడు కుడికి... ఆగండి!”

“ఏంటి, అద్దం బిగిస్తున్నావా?” అని కసిరారాయన.

“అదే అనుకోండి.”

మొక్క సరిగ్గా నాలుగు చక్రాల మధ్యలో నిలబడింది. పొద్దుటి ఎండ కారు కిందికి ఏటవాలుగా వస్తుంది. అదీ చూసే పెట్టించింది.

సోమవారం రోలరు వచ్చింది. డ్రైవరు దిగి, “సార్, కారు తీయండి. పని అయ్యాక మళ్ళీ పెట్టుకుందురుగాని” అన్నాడు.

“మళ్ళీ ఎక్కడ పెట్టుకోవాలి?” అన్నారు సెక్రటరీ గారు, పైనుంచి తొంగి చూస్తున్న ప్రెసిడెంటు గారి వైపు చూస్తూ. “ముందు మిగతా ఇరవై చదును చెయ్యండి.”

“మిగతా ఇరవైలో సామాన్లున్నాయి సార్.”

ఉన్నాయి. ఒకటో నంబరులో కారు చూసిన మనవాళ్ళు తెల్లారేసరికి ఎవరికి తోచినట్టు వాళ్ళు స్లాట్లు పట్టేశారు. రెండో నంబరులో ఇస్త్రీ బల్ల. అయిదులో పిల్లల సైకిలు. ఎనిమిదిలో కాలు విరిగిన కుర్చీ, కుర్చీమీద ‘ఇది నాది’ అన్న కాగితం. ఇరవై ఒకటిలో, కారు లేనే లేని పంతులమ్మ గారి బకెట్టు. ఎప్పుడైనా కొంటే కావాలి కదా అన్నారావిడ. ఎవరూ ముందు తీయరు. ఎవరైనా ముందు తీస్తే పక్కవాడు తన సామాను అందులోకి జరుపుతాడు. డ్రైవరు ఒకసారి అందరి మొహాలూ చూశాడు. “మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండి” అని రోలరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అలా పదకొండు రోజులు గడిచాయి. సెక్రటరీ గారు మళ్ళీ బస్సులోనే ఆఫీసుకి వెళ్ళారు, ఎందుకంటే కారు తీస్తే స్లాటు పోతుంది. ఈసారి రెండో స్టాపులో దిగే పని లేదు గనక ఇరవై నిమిషాలు ముందే చేరారు. అది మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఈ పదకొండు రోజులూ ఆయన భార్య పొద్దునా సాయంత్రం కారు పక్కన నేలమీద పడుకుని మొక్కని చూసింది. చూసినవాళ్ళు, పాపం, భర్త కారు రిపేరు కూడా ఆవిడే చేసుకుంటోంది అనుకున్నారు. అత్తగారు చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి పోసేవారు. “నేను చేసిన పాడుపనికి ఇదైనా చెయ్యనీ” అనేవారు. ఆ మాటలో నీళ్ళు కాకుండా ఇంకేదో కూడా ఉందని కోడలికి అప్పుడు తెలీలేదు.

రెండో శుక్రవారానికి కాయ పండింది. ఆవిడ కాడతో సహా కత్తిరించి, ఈసారి బల్లమీద కాదు, కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకుని, ఆ పెట్టె చేతిలోంచి కింద పెట్టకుండా హెర్బేరియానికి చేరింది. ఆఫీసరు బ్లేడుతో అడ్డంగా కోశాడు. భూతద్దం అందుకోబోతే ఆవిడ తన మెడలోది తీసిచ్చింది.

చాలాసేపు చూశాడు. తుమ్మలేదు.

“గోడ ఉందమ్మా,” అన్నాడు చివరికి. “రెండు గదులు.”

“మా అత్తగారు ముందే చెప్పారు,” అందావిడ.

సోమవారం ఆఫీసరే కంచె వేసేవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. అసోసియేషనంతా దిగింది. అనుమతి రద్దు కాగితం చూసి సెక్రటరీ గారి మొహం సున్నం కొట్టినట్టయింది. కానీ ఆఫీసరు అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “ఒక మొక్క కోసం సొంత కారుని గొడుగులా నిలబెట్టిన మనిషిని నేనెక్కడా చూడలేదండీ!” చప్పట్లు మోగాయి. సెక్రటరీ గారు చొక్కా సర్దుకుని, “మనవంతు మనం చెయ్యాలి కదా” అన్నారు. భార్య వైపు చూశారు. ఆవిడ స్కేలు తుడుచుకుంటోంది.

ఆఫీసరు అట్టముక్క తీసి రాయడం మొదలుపెట్టాడు. “సేకరించినవారి పేరు?”

ఆవిడ చెప్పేలోపే సెక్రటరీ గారు ఆవిడ పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా, పూర్తిగా, స్పష్టంగా. స్పెల్లింగు ఎవరినీ అడగలేదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఆఫీసరు మొక్కని చూద్దామని కారు కిందికి దూరాడు. లోపల్నించి ఒక తుమ్ము. రెండు తుమ్ములు. తర్వాత ఒక కేక.

“ఇవేంటి? చక్రాల చుట్టూ మొలకలు!”

శుక్రవారం కాయ కోసినప్పుడు ఒక్కటీ లేదు. లెక్కపెట్టారు. ఇరవై రెండు. ముందు చక్రాల ముందు ఆరు, వెనక చక్రాల వెనక తొమ్మిది, మిగతావి అటూ ఇటూ.

“ఈ గింజ అంత తొందరగా మొలవదే! పెంకు రాయిలా ఉంటుంది, ఏళ్ళు పడుతుంది. ఎవరేం చేశారు?”

అత్తగారు గుంపులోంచి ముందుకొచ్చారు. “నేనే బాబూ. ఒలిచిన గింజలు పారెయ్యబుద్ధి కాలేదు. ముదురు గింజలు ఊరికే నానతాయా? కాస్త గరుకు రాయిమీద రుద్ది, ఓ రాత్రి నానబెట్టి, కారు చుట్టూ చల్లాను. మిగతా చోట జనం తొక్కుతారు. కారుని మా వాడు ఎవర్నీ తాకనివ్వడు కదా?”

ఆఫీసరు చేతులు జోడించాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి ఆర్డరు రాశాడు: ఈ మొలకలు పెరిగి, పూసి, కాసేదాకా, అంటే రెండేళ్ళపాటు, కంచె లోపల ఏ చక్రమూ తిరగరాదు.

సాయంత్రానికి కంచె పూర్తయింది. కారు లోపల, సెక్రటరీ గారు బయట.

ఇప్పుడు మీరే చెప్పాలి. క్రేను తెద్దామంటే క్రేనుకీ చక్రాలుంటాయి. పదిమంది కలిసి ఎత్తుదామంటే ఇరవై కాళ్ళు ఎక్కడ పెట్టాలి? విడదీసి ముక్కలు ముక్కలుగా తెచ్చుకోమని ప్రెసిడెంటు గారి సలహా, అది ఆయన సంతోషం కొద్దీ ఇచ్చింది. తన పాలసీ వెనక చిన్న అక్షరాలన్నీ సెక్రటరీ గారు భార్య భూతద్దంతోనే చదివారు. వరద ఉంది, పిడుగు ఉంది, మొలక లేదు. ఆవిణ్ణి అడిగితే, “రెండేళ్ళెంతండీ, బస్సుందిగా” అంటోంది. మాట మెత్తగానే ఉంది, కంచె మేకు మాత్రం ఒక్కటి కూడా కదలనివ్వడం లేదు. ఆయన రోజూ సాయంత్రం కంచె అవతల నిలబడి కారుని చూస్తున్నారు. మొన్న దగ్గరికి వెళ్ళి వింటే మొలకలు లెక్కపెడుతున్నారు. ఇరవై మూడు అంటున్నారు, ఒకటి కొత్తగా వచ్చిందట.

చక్రం తిప్పకుండా, కాలు మోపకుండా, ఒక్క ఆకు నలగకుండా కారుని బయటికి తెచ్చే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి, మీకు పుణ్యముంటుంది. కాస్త తొందరగా చెప్పండి. అత్తగారి గిన్నెలో ఇంకో గింజ మిగిలిందని నిన్ననే తెలిసింది, ఆవిడ గరుకు రాయి కోసం వెతుకుతున్నారు.